వోల్టుల్లో కొసరు

నేను మోసుకెళ్లిన ట్రాన్సిస్టర్ మా అత్తగారింట్లో నాలుగేళ్లు ఏకచ్ఛత్రంగా ఏలింది. ఆ తర్వాత, ఓడలో ఉద్యోగం చేసే మా పెద్ద తోడల్లుడు గారు సెలవుకొస్తూ సింగపూర్ నుంచి టేప్ రికార్డర్ తెచ్చారు. మంగళగిరిలో ఆ వీధి వీధంతా వచ్చి చూసింది. మా ఆవిడా చూసింది. నాకు అన్నం సయించలేదు.

మూడో రోజు దాని ఎలిమినేటర్, అంటే బ్యాటరీలు లేకుండా ప్లగ్గులో పెట్టి నడిపే డబ్బా, పొగ వదిలి చచ్చింది. నాకు ఆకలేసింది.

"మీరైతే బెజవాడలో బేరమాడి తెస్తారు బాబూ," అన్నారు అత్తగారు.

వన్ టౌన్‌లో మాది కిరాణా కొట్టు. కొసరు వేయించుకోకుండా మెంతులు కూడా కొనని వంశం. పాత డబ్బా సంచిలో వేసుకుని రేడియో రిపేరు కొట్టుకెళ్లాను. కొట్టాయన రెండు చూపించాడు, ఆరు వోల్టులదీ తొమ్మిది వోల్టులదీ. ధర ఒకటే.

"తొమ్మిదిదే ఇవ్వండి," అన్నాను గెలిచిన మొహంతో.

ఆయన పాత డబ్బా తిప్పి చూశాడు. "దీని మీద ఆరని ఉంది కదండీ. వోల్టులకి కొసరేంటి, కందిపప్పా? మిషను మాడిపోద్ది."

"మాడటానికి ఎంతసేపు పడుతుంది?"

ఆయన తలెత్తాడు. "మిషను ఎవరిదండీ?"

"మా తోడల్లుడు గారిది."

"అదీ సంగతి," అంటూ ఆరుది నా ముందుకి తోశాడు.

తొమ్మిదిది ఇంకా నా చేతిలోనే ఉంది. మిషను మాడితే ఆయన మళ్లీ ఓడెక్కి ఇంకోటి తెచ్చుకుంటారు. కొనడం చేతకానివాడన్న పేరు మాత్రం నాకు మిగులుతుంది. కింద పెట్టేశాను.

"పోనీ ఆంపియర్లలోనన్నా కొసరుందా?"

"అది ఎంతెక్కువున్నా పర్లేదండీ, మిషను కావాల్సినంతే లాక్కుంటది. తక్కువైతేనే డబ్బా వేడెక్కి చస్తది." పిన్నులో ప్లస్సెటో మైనస్సెటో కూడా మీటరు పెట్టి, పాతదానితో సరిచూసి ఇచ్చాడు.

సాయంత్రం టేపు తిరిగింది. తోడల్లుడు గారు ఎర్ర మీట నొక్కి, "తమ్ముడూ, నీ పుణ్యమే. నువ్వే ముందు మాట్లాడు," అన్నారు.

"అన్నయ్యగారి మిషను చాలా బాగుంది. మా అందరికీ ఎంతో సంతోషంగా ఉంది," అన్నాను.

వెనక్కి తిప్పి వినిపించారు. అందరూ మెచ్చుకున్నారు. ఆ గొంతులో ఏడుపు నాకు స్పష్టంగా వినబడింది. మా ఆవిడకీ వినబడినట్టుంది, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఇంకోసారి వేయండి బావగారూ," అంది.