మూడంతస్తుల దీపాల వేళ

మా క్యాంపస్‌లో కరెంటు పొదుపు, గదిలో కదలిక లేకపోతే లైట్లు ఆర్పే సెన్సర్లు బిగించిన నాటి నుంచి మొదలైందని చెప్తారు. గేటు లోపల బోర్డు మీదా అదే రాశారు. చూడటానికి వచ్చిన పెద్దలకు చాయ్ ఇచ్చి మరీ అదే వినిపిస్తారు. నేను ఒప్పుకోను. అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే, జగిత్యాలలోని మా మూడంతస్తుల సైన్స్ బ్లాకులో ఒక ఆడమనిషి రోజూ కరెంటు మిగిల్చేది. ఆమె మా అటెండరు, ఏజెన్సీ కింద పనిచేసేది. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య, వాళ్ల మాటలో సాంచాల మధ్య, పుట్టి పెరిగిన మనిషి.

"మా దిక్కు కరెంటు పోతే వాడంత సప్పుడు బంద్ అయితుండె మేడం. సాంచా ఆగితె పొయ్యి ఆగినట్టే. గందుకే కరెంటు ఊకె పోతుంటె నాకు అన్నం పారబోసినట్టుంటది" అనేది.

ఆమె పద్ధతి ఆమెది. క్లాసులయ్యాక, పొద్దు గూకే వేళకు మెట్లెక్కుతూ ప్రతి గదిలో ఒక్క లైటు వేసి చేతులు జోడించేది. అలా పైదాకా పోయేది. దిగుతూ ఒక్కో గదిలో కిటికీలు మూసి, పిల్లలు వదిలేసి పోయిన ఫ్యాన్లు ఆపి, ఆ లైటు కూడా తీసేసి తాళం వేసేది.

"వేసుడెందుకు, తీసుడెందుకు అక్కా?" అని ఒకసారి నిలదీశాను.

"దీపాల యాళ్ల అర్ర చీకటి పెట్టద్దు మేడం. మీ అమ్మ చెప్పలేదా?"

"మా అమ్మ ఒక్క ఇంటికి చెప్పింది. మూడంతస్తులకు చెప్పలేదు."

"అయితె సగమే చెప్పింది" అని మెట్లెక్కింది. నా నోటికి తాళం వేసిన మనుషులు తక్కువ. ఆమె ఒకతి.

ఒక ఏడు ప్రిన్సిపల్ కమిటీ వేశారు. కరెంటు ఆదాకు ఏ పని ముందు, ఏది తర్వాత అని వరస రాయాలి. రాసే బాధ్యత నాది. నేను భౌతికశాస్త్రం చెప్తాను కాబట్టి నాకే అన్నీ తెలుసనుకున్నారు. నేనూ అనుకున్నాను. మల్లాపూర్ నుంచి వచ్చే ఒక సారు, ఇంటి దగ్గర వ్యవసాయం ఉన్నాయన, మెల్లగా అన్నాడు.

"ముందుగాల హాస్టల్ బోరుకున్న ఆటో స్టార్టర్ పీకేద్దాం మేడం. కరెంటు రాంగనే మోటరు దానంతటదే షురువైతది, కరెంటేమొ దినమంత ఉండవట్టె. ట్యాంకు నిండి పొర్లినా మోటరు నడుస్తనే ఉంటది. మా పొలంకాడ నేను గదే చేసిన."

"సార్, మీరింకా పొలంకాడనే ఉన్నరు. ఇది యూనివర్సిటీ" అన్నాను. అందరూ నవ్వారు. మీటింగుల్లో నవ్వించిన వాళ్లదే గెలుపు.

నా వరసలో మొదటిది సెన్సర్లు. అవే ముందని రుజువు చేయడానికి ఒక సాయంత్రం కమిటీని సైన్స్ బ్లాకు ముందుకు తీసుకెళ్లాను. మూడంతస్తులూ వెలుగుతున్నాయి, క్లాసుల్లో ఒక్క పిల్లా లేదు. "చూడండి" అన్నాను. అప్పుడే పై అంతస్తు కిటికీలోకి ఆమె వచ్చింది. మమ్మల్ని చూసి నవ్వి చెయ్యి ఎత్తింది. నా చేతిలో ప్యాడు ఉంది. మరో పావుగంట నిలబడితే ఆ లైట్లు పైనుంచి ఒక్కొక్కటే ఆరిపోతాయని ఆ గుంపులో నాకొక్కదానికే తెలుసు. "రాసుకున్నం కదా, ఇగ పోదాం" అన్నాను.

సెన్సర్లు వచ్చాయి. గదులు వాటంతటవే ఆరుతుంటే మనిషెందుకని కొన్ని నెలలకు ఏజెన్సీ ఆమెను తీసేసింది. పోయే రోజు తాళాలగుత్తి నా బల్ల మీద పెట్టింది.

"పైన ఆఖరి అర్ర కిటికీ గడె సక్కగ పడది మేడం. జెర ఒత్తి మూయుండ్రి."

అంతే అంది. నేను కూడా "సరే అక్కా" అని మాత్రమే అన్నాను. అంత నోరున్న దాన్ని.

పరీక్షల్లో పిల్లలు కదలకుండా రాస్తుంటే లైట్లు ఆరిపోయేవి. చేతులు ఊపి ఊపి విసిగి, మావాళ్లే సెన్సర్ల మీద టేపు అంటించి, వాటితో పనిలేకుండా లైట్లకు నేరుగా తీగలు కలిపించుకున్నారు. ఇప్పుడు లైట్లు పగలంతా వెలుగుతూనే ఉంటాయి. బోరు మోటరూ నడుస్తూనే ఉంది. బోర్డు మాత్రం మారలేదు.

ఈ మధ్య ఆమె చనిపోయిందని ఆలస్యంగా తెలిసింది. కోరుట్లలో మా ఇంటి నుంచి చందుర్తి మీదుగా సిరిసిల్ల పోయాను. ఆమె బిడ్డ కుర్చీ వేసింది. పక్కింట్లో సాంచాలు నడుస్తున్నాయి, గొంతు పెంచి మాట్లాడుకోవాల్సి వచ్చింది.

"అమ్మ మిమ్ముల శాన యాది చేస్తుండె మేడం. మా మేడం నోరు గట్టిది, నా నౌకరి కోసం గూడ కొట్లాడే ఉంటది, గెలువలేదు గావచ్చు, అంటుండె."

నేను కొట్లాడనే లేదన్న నిజం ఆ చప్పుడులో అరిచి చెప్పాలి. చాయ్ తాగి లేచాను.

ఆ సాయంత్రం కిటికీలోంచి ఆమె నా చేతిలోని ప్యాడును చూసింది, నన్నూ చూసింది. బిడ్డతో అన్న మాట నిజంగా నమ్మే అన్నదా, లేక అంతా తెలిసీ నన్ను కాపాడటానికి సగమే చెప్పిందా?