పోలింగ్ బూత్‌లో నేటి సూక్తి

"చెరపకురా చెడేవు" అన్నారు పెద్దలు. పనిలో పనిగా "రాయకురా చెడేవు" అని కూడా అనుంటే, నా ఉద్యోగానికీ తలకాయకూ ఒకేసారి గండం వచ్చేది కాదు. ఒక్క సుద్దముక్కతో పోలింగ్ బూత్‌ను రణరంగం చేయబోయిన ఘనుణ్ణి నేను. నవ్వండి, ఫర్వాలేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు, చెమట వచ్చింది.

అప్పటికి ఈపూరు దగ్గర బడిలో టీచరుగా చేరి నాలుగేళ్ళు. ప్రిసైడింగ్ ఆఫీసరుగా మొదటి ఎన్నికల డ్యూటీ గురజాల వైపు ఒక పల్లెలో పడింది. ఆ ఊరి పేరు వినగానే తోటి టీచర్లు నా చేతులు పట్టుకుని, చివరి చూపు చూసినట్టు చూశారు.

తెల్లవారుజామునే బడి గదిలో ఓటింగ్ యంత్రాలు సర్దించి పార్టీల ఏజెంట్ల కోసం ఎదురుచూస్తున్నాను. గోడకు నల్లబోర్డు. నాకో జబ్బుంది: బోర్డు ఖాళీగా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. రోజూ బడిలో చేసినట్టే "నేటి సూక్తి" అని రాసి, దాని కింద గుండ్రటి అక్షరాలతో "కష్టంలో నిలిచినవాడే మనవాడు" అని రాశాను. ఎవరో మహానుభావుడి మాట అనుకున్నాను. అడుగున సంతకం కూడా పెట్టాను.

ఆ మహానుభావుడు నెల రోజులుగా మా ఇంటి ముందు తిరిగిన ప్రచారం ఆటో అని ఏజెంట్లు వచ్చాకే తెలిసింది.

ముందు వచ్చిన కోటయ్య ఆ నినాదం పార్టీ మనిషే. "అబ్బ! మా వోడి మాట చానా ముద్దుగా రాశావు మాస్టారూ," అని మురిసిపోయాడు. వెనకే వచ్చిన అవతలి పార్టీ ఏజెంటు సుబ్బారావు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏందిది? బూత్‌లో వాళ్ళ నినాదం ఏంది?"

"సూక్తి అండీ... పిల్లలకి..."

"ఇయ్యాళ ఓట్లెయ్యటానికి పిల్లలొస్తారా?"

నేను డస్టర్ కోసం పరిగెత్తాను. సుబ్బారావు అడ్డం నిలబడ్డాడు. "తుడవమాకు! సాక్ష్యం పోద్ది!"

"ఉండనియ్యి, మంచి మాటేగా," అన్నాడు కోటయ్య.

బయట వరుసలో ఉన్నవాళ్ళు కిటికీలకు అతుక్కుపోయారు. ఎవడో "పోలింగ్ ఆపండ్రా!" అని కేకేశాడు. ఆ ఊళ్ళో కేక తర్వాత వచ్చేది రాయేనని తోటి టీచర్లు ముందే చెప్పారు. రాయి తప్పించుకున్నా సస్పెన్షన్ తప్పదు.

ఇంతలో చుట్టుపక్కల బూత్‌లన్నీ తనిఖీ చేసే సెక్టార్ ఆఫీసరు జీపు దిగాడు. బోర్డు చూశాడు, సంతకం చూశాడు, నన్ను చూశాడు.

"ఎవరిదయ్యా ఈ మాట?"

"నాదే సార్! నా జీవిత సూత్రం!" భయంలో అబద్ధం ఎంత గట్టిగా పలుకుతుందో అప్పుడే తెలిసింది.

"ఈయన సూత్రమంట! వాళ్ళావిణ్ణి అడగండి సార్, తేలిపోద్ది," అన్నాడు సుబ్బారావు.

ఆఫీసరు మా ఇంటి నంబరు అడిగి, ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "అమ్మా, ఎన్నికల ఆఫీసర్ని. మీ ఆయన రోజూ అనే మాట ఏదన్నా ఉందా?"

'కష్టంలో... అనవే తల్లీ, కష్టంలో...' అని నేను మనసులోనే అందిస్తున్నాను.

"ఎందుకు లేదండీ! 'మనకెందుకొచ్చిన గొడవ!' పంపు కాడ ఎవరన్నా నా బిందె పక్కకు నెట్టినా అదే మాట. మొన్న ఓట్లడగటానికి రెండు పార్టీలోళ్ళూ వస్తే, ఊళ్ళో లేడని చెప్పమని నన్ను పంపి తను మంచం కింద దూరాడు. ఏమండీ, గొడవేమన్నా చేశాడా? ఈయనా?"

గదీ కిటికీలూ కలిసి నవ్వాయి. నాయకుడి నినాదం ఊరంతటికీ తెలుస్తుంది గానీ, మనలాంటివాళ్ళ అసలు నినాదం పెళ్ళానికే తెలుస్తుంది.

సుబ్బారావు కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు: "చెరిపేయించండి సార్. మా మీద కుట్ర చేసేంత దమ్ము ఈయనకు యాడిది!"

కోటయ్య తలూపాడు. "మా వోడు కష్టంలో ఉంటే ఈయన నిలబడతాడా? మంచం వెతుక్కుంటాడు."

రెండు పార్టీలూ ఒక్క మాట మీదికి వచ్చాయి. నా పరువు పోయింది, ఉద్యోగం మిగిలింది. ఏడింటికి పోలింగ్ మొదలైంది. వచ్చిన ప్రతి ఓటరూ నన్ను చూసి నవ్వి మరీ ఓటేశాడు.

కాబట్టి కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి మీద ఒట్టేసి సభాముఖంగా ప్రకటిస్తున్నాను: ఇకపై ఎన్నికల కాలంలో ఏ బోర్డు మీదా తేదీ తప్ప ఒక్క అక్షరం రాయను. ఆ తేదీ కూడా, పక్క గది మాస్టారు రాసి ఏమీ కాలేదని తేలాకే రాస్తాను.