నాన్నగారికి వినబడని హోరు

రాజోలు దగ్గర ఒక బడిలో టీచరుగా చేరిన కొత్తలో, ఆదివారం ఆరాధన, భోజనాలు అయ్యాక ఆడవాళ్ళం చర్చి ఆవరణలో రబ్బరు రింగుతో టెన్నికాయిట్ ఆడుకునేవాళ్ళం. వారం మొత్తంలో ఇంటి చాకిరీ మరిచిపోయేది ఆ కాసేపే. అదే వేళకి నాన్నగారు కాలవ గట్టున గాలం వేసుకుని కూర్చునేవారు. ఆయనకి చెవులు దాదాపు వినబడవు. నోట్లో చుట్ట మాత్రం ఎప్పుడూ కాలుతూనే ఉండేది.

ఎనభైల్లో కాలవ అవతలి కొబ్బరితోట కొట్టేసి, గ్యాసు కోసం రిగ్గు నిలబెట్టారు. ఆ ఇంజన్ల రొదలో చర్చిలో పాట శ్రుతి తప్పేది. ఆటలో పాయింట్లు వేళ్ళతో చూపించుకునేవాళ్ళం. ఆరేసిన బట్టలకి డీజిల్ పొగ కంపు పట్టేది. అలవాటైపోతుందిలే అనుకున్నాం.

ఒక ఆదివారం నేను రింగు విసరబోతుండగా, ఇంజన్ల రొదని మింగేస్తూ పెద్ద హోరు లేచింది. కాళ్ళ కింద నేల అదిరింది. ఏదో ఘాటు వాసన.

పాస్టరుగారు మెట్ల మీంచి కేకలు పెట్టారు. "గ్యాసు తన్నేసిందండీ! పొయ్యిలార్పేయండి! ఎవరూ అగ్గిపుల్ల గియ్యకండి!"

అందరూ పిల్లల కోసం ఇళ్ళకి పరుగెత్తారు. నాకు నాన్నగారి చుట్ట గుర్తొచ్చింది.

జనమంతా కాలవ వైపు నుంచి వస్తుంటే నేనొక్కదాన్నే అటు పరుగెత్తాను. "అటెక్కడికండీ టీచరుగారూ!" అని ఎవరో చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాను. మలుపు తిరిగేసరికి మిగిలిన కొబ్బరిచెట్ల పైకి గ్యాసు తెల్లగా ఎగజిమ్ముతోంది. ఆగిపోయాను. నిజం చెప్పాలంటే, వెనక్కి తిరిగి రెండడుగులు వేశాను కూడా. ఇప్పుడే అంటుకుంటుంది, ఇప్పుడే అంటుకుంటుంది అని తప్ప మరో ఆలోచన లేదు. ఎలా మళ్ళీ ముందుకు వెళ్ళానో తెలియదు.

నాన్నగారు నీళ్ళలో తేలే గాలం బెండు వైపే చూస్తూ కూర్చున్నారు. ఆయన నోట్లో చుట్ట లాగి కాలవలోకి విసిరేశాను.

"మతిపోయిందేంటమ్మా? చేప పడుతుంటేనూ!" అని కసిరారు.

అవతలి గట్టు చూపించాను. ఆయన తలెత్తి చూశారు. "నేల అదురుతుంటే లారీ ఏదో వెళ్తుందనుకున్నానే" అన్నారు. గాలం అక్కడే వదిలేసి, నా మణికట్టు పట్టుకుని పరుగెత్తారు.

పొద్దుగూకేవేళకి హోరు తగ్గింది. మంట అంటుకోలేదు. మర్నాడు రిగ్గు నుంచి ఒకాయన వచ్చి, "ప్రెషర్ ఎక్కువైతే వదిలామండీ, భయం లేదు" అన్నాడు.

"ముందే ఓ మాట చెప్పొచ్చు కదండీ?" అన్నారు పాస్టరుగారు.

"ఆయ్, ఈసారి చెప్తామండీ."

తర్వాత రెండుసార్లు వదిలారు. చెప్పలేదు.

ఆటకి మొదట నలుగురం వచ్చేవాళ్ళం, చెవులన్నీ రిగ్గు మీద పెట్టుకుని. నెల తిరక్కుండా అందరం రావడం మానేశాం. నాన్నగారు ఇక కాలవకి వెళ్ళలేదు. అరుగు మీద కూర్చుని ఘడియకోసారి అడిగేవారు.

"అమ్మాయ్, ఏవన్నా వినబడుతుందా?"

రిగ్గు ఊడదీసుకుని వెళ్ళిపోయాక కూడా అడుగుతూనే ఉన్నారు. లేదని తల ఊపేముందు, నేనూ ప్రతిసారీ ఊపిరి బిగబట్టి వినేదాన్ని.