అసెల్లా పక్కన లేని సగం

గెమెల్లస్ గాజు గిన్నెల అడుగున బంగారు బొమ్మలు పెట్టేవాడు. చక్రవర్తులు క్రీస్తుకు మొక్కడం మొదలుపెట్టిన కొత్తలో, రోములో పెళ్లయిన ప్రతి జంటా అలాంటి గిన్నె కావాలనేది. గాజు బిళ్ల మీద బంగారు రేకు అంటించి, సూదితో మొహాలు గీకి, పైన వేడి గాజు పొర వెయ్యాలి. పొర పడ్డాక గీత దిద్దడానికి వీల్లేదు. అందుకే పనిలో ఉన్నంతసేపూ అతను నోరు విప్పేవాడు కాదు.

తన పెళ్లి గిన్నె తనే చేసుకున్నాడు. ఎడమ పక్క అసెల్లా, కుడి పక్క తను. మధ్యలో బొటనవేలంత క్రీస్తు, రెండు చేతులతో ఇద్దరి తలల మీదా దండలు పెడుతూ.

పెళ్లయిన పదకొండో ఏట అసెల్లా జ్వరంతో పోయింది. సలారియా దారి కింద సొరంగంలో, గోడకు తొలిచిన అరలో ఆమెను పడుకోబెట్టారు. అక్కడ అరలు వేలు. చాలావాటి మీద పేరుండదు. అర మూసి మెత్తిన సున్నం ఆరేలోపు పోయినవాళ్ల వస్తువేదో అందులో గుచ్చుతారు. ఆ గుర్తు లేకపోతే మనిషి ఎక్కడున్నదీ మళ్లీ తెలియదు. గెమెల్లస్ పెళ్లి గిన్నె అంచులు కొట్టేసి అడుగు బిళ్ల తెచ్చాడు.

"ఆగు మరిదీ!" అసెల్లా అక్క వితాలియా అతని చెయ్యి పట్టుకుంది. "బతికున్నోడివి, నీ మొహం కూడా గోడలో పెడతావా? మా ఆయన వాళ్లమ్మ దగ్గర ఇట్లాగే పెట్టాడు. ఏడాది తిరిగిందా? పక్క అరలోకే వచ్చి పడుకున్నాడు."

"అక్క మాటకేం గాని, సున్నం బిగుస్తోందన్నా" అన్నాడు అరలు తవ్వే త్రోఫిమస్. "పెడతావా, నా వేలు గుచ్చమంటావా?"

గెమెల్లస్ నడుముకున్న పటకారు తీసి, క్రీస్తు భుజం దగ్గర బిళ్లను విరిచాడు. క్రీస్తు అసెల్లా వైపే మిగిలాడు. గెమెల్లస్ వైపు వచ్చింది తన మొహమూ, తల మీద దండ పట్టుకున్న ఆ చిన్న చెయ్యీ మాత్రమే. ఆమె సగాన్ని సున్నంలో నొక్కి, తన సగాన్ని గుడ్డలో చుట్టుకుని, మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అతను ఏ పెళ్లికూతురిని గీసినా అసెల్లాయే వచ్చేది. "మా పిల్ల ముక్కు ఇట్లా వంకరగా ఉండదయ్యా" అని తండ్రులు గొణిగేవాళ్లు. అతను రేకు గీకేసి కొత్తది అంటించేవాడు. కళ్లు వేరేగానే మొదలయ్యేవి. చెవి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఆమే.

ఏటా ఆమె పోయిన రోజున వితాలియా రొట్టె, ద్రాక్షారసం పట్టుకెళ్లేది. గెమెల్లస్ ఏదో పని చెప్పి ఆగిపోయేవాడు. పదిహేనేళ్లకు వితాలియా కూడా పోయింది. ఇక వెళ్లేవాళ్లెవరూ లేరు. ఆ ఏడు అతనే సొరంగంలోకి దిగాడు.

మొదటి మలుపులోనే దీపం వెలుగులో గోడ మీద అసెల్లా మెరిసింది. పక్కన ఎవరో గడ్డపాయన. నాలుగడుగుల అవతల మళ్లీ అసెల్లా, పక్కన ఎవరో కుర్రాడు. గోడ పొడుగునా తను చేసిన పెళ్లి గిన్నెల అడుగులే. పై వరుసలో, కింది వరుసలో, అన్ని వైపుల నుంచీ ఆమే చూస్తోంది.

"నీ పెళ్లాం ఎన్ని పెళ్లిళ్లు చేసుకుందన్నా!" త్రోఫిమస్ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. "మేం దీన్ని అసెల్లా వీధి అంటున్నాం."

"నాది ఏదిరా?"

"నన్నడిగితే? నేను మూసినవి నాకే గుర్తుండవు."

గుచ్చేటప్పుడు విరిగిన బిళ్లలు అక్కడ బోలెడున్నాయి. గెమెల్లస్ గుడ్డ విప్పాడు. విరిగిన ప్రతి బిళ్ల దగ్గరా తన సగం ఆనించి చూశాడు. ఒక్కటీ అతకలేదు. దీపంలో నూనె సగానికి వచ్చింది. చివరికి నేలనంటిన వరుసలో, మోకాళ్ల మీద వంగితే, ఒంటిచేతి క్రీస్తు కనిపించాడు. అంచు అంచుతో కలిసింది. సందులో వెంట్రుక దూరదు.

"సున్నం కలుపు. పల్చన చెయ్యకు."

"మీ వదిన అన్న మాట మర్చిపోయావా?"

"పదిహేనేళ్లూ అదే కదరా గుర్తు పెట్టుకున్నాను."

త్రోఫిమస్ సున్నం కలిపి గోడకు పట్టించాడు. గెమెల్లస్ బిళ్లను పక్కకు జరిపి, చెయ్యి భుజానికి కలిసేదాకా సరిచూసి నొక్కాడు. సున్నం బిగిసేదాకా తన మొహం మీద బొటనవేలు తియ్యలేదు.