ఢిల్లీ ముందు పక్కింటి దాకా

విజయవాడ నుంచి ఢిల్లీకి గాలి దారిన దాదాపు పద్నాలుగు వందల కిలోమీటర్లని, రెండుంబావు గంటల ప్రయాణమని ఫోను చెప్పింది. మా ఇంటి నుంచి పక్కింటికి ఎంత సేపో దానికి తెలియదు.

నాది చేనేత చీరల వ్యాపారం. ఆదివారం సాయంత్రం అయిదింటికి ఢిల్లీలో ఒక షాపు యజమాని మా చీరలు చూస్తానన్నాడు. ఆరింటికి ఆయనకు వేరే ఊరి ప్రయాణం. నేను తీసుకెళ్లే ఆరు చీరల్లో ఒకటి మా పెద్ద నేతగాడిది. కొంగు నిండా చెరకు ఆకులు, సొంత ఊహ. ఇస్తూ ఒకే మాటన్నాడు: "ఇది నచ్చితే మగ్గం ఉంచుతానండీ. లేకపోతే విప్పేస్తాను."

తొమ్మిదింటికి విమానం. ఇంట్లోంచి బయల్దేరే వేళకి వర్జ్యం ఉందని అమ్మ పంచాంగం ముందు కూర్చుంది. అలాంటప్పుడు ముందురోజే మంచి గడియలో ఒక వస్తువును పక్కింట్లో ప్రస్థానం పెడతారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. దాన్ని మళ్లీ ఇంటికి తేకూడదు, అటునుంచి అటే తీసుకుపోవాలి. మామూలుగా తువ్వాలో గుడ్డముక్కో పెడతారు. ఏ పని మీద వెళ్తున్నానో అదే పెట్టమంది అమ్మ. చీరల సంచి మొత్తం పెట్టేశాను. నా తెలివి ఎప్పుడూ ఇలాగే టోకున పనిచేస్తుంది, చిల్లరగా రాదు.

పక్కింటి టీచరుగారు క్రైస్తవులు. వర్జ్యాల పట్టింపు లేకపోయినా సంచిని బల్లమీద గౌరవంగా పెట్టుకున్నారు. పొద్దున ఆరున్నరకి వెళ్తే తలుపుకి తాళం. ఫోన్ చేస్తే ఉయ్యూరులో అక్కగారింటికి వెళ్లి, అక్కడి చర్చిలో ఉన్నారు.

"అయ్యో, సంచి సంగతే మర్చిపోయానండీ. తాళంచెవి నా దగ్గరే ఉంది. వస్తున్నా, ఉండండి."

ప్రార్థన మధ్యలో లేచి స్కూటీ మీద వచ్చారు. బందరు రోడ్డు రద్దీ దాటేసరికి ఎనిమిదైంది. ఆమెను ఏమంటాను? నేను గన్నవరం ఎయిర్‌పోర్టు చేరేటప్పటికి విమానం తలుపులు వేసేశారు. గాల్లోకి విమానం లేచింది, గాల్లో దీపమై నేను మిగిలాను.

హైదరాబాదు మీదుగా ఇంకో టికెట్టు దొరికింది. అక్కడ మూడు గంటలు కూర్చున్నాను. దూరాభారం అంటారు కదా, దూరం విమానం మోసింది, భారం నా భుజానికి మిగిలింది. షాపు చేరేసరికి ఆరుకి పది నిమిషాలు. ఆయన కూర్చోకుండానే, సంచిలో పైనున్న రెండు చీరలు విప్పించి, రెండూ ఉంచమని కారెక్కాడు. చెరకు ఆకుల చీర అడుగున ఉంది. జాగ్రత్తగా ఉండాలని నేనే అడుగున పెట్టాను.

మర్నాడు తిరిగొచ్చి, నేరుగా నేతగాడి ఇంటికి వెళ్లాను.

"మాది నచ్చలేదాండీ?"

పైనున్న రెండే అమ్ముడుపోయాయని, మీది మడత విప్పనే లేదని అన్నాను. టైం లేకపోయిందన్నాను. అది సగం నిజమే కాబట్టి ప్రస్థానం సంగతీ, తాళం సంగతీ కూడా చెప్పేశాను. తిడితే బాగుండుననిపించింది.

ఆయన చీర అందుకుని, అంచు సరిచేసి, మెల్లగా అన్నాడు: "వర్జ్యంలో బయల్దేరితే ఆ రెండూ అమ్ముడుపోయేవి కాదేమోనండీ."

మగ్గం మాట ఆయన ఎత్తలేదు. అడిగే ధైర్యం నాకూ లేదు.