ఉపవాసం విడిపించిన సిస్టరమ్మ

మా బోరబండ గల్లీ సిస్టరమ్మ మంగళవారం పొద్దున ప్రభువు సన్నిధికి చేరారు. గుండె ఆగిందట. కాన్పుల వార్డులో నర్సుగా జీవితమంతా నిలబడే గడిపిన తల్లి. మంచం పట్టకుండానే వెళ్లిపోయారు.

ప్రియులారా, నేను బడికి పోయి నేర్చినవాణ్ణి కాను. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో లిఫ్టు నడుపుతూ, స్టూలు మీద కూర్చుని, కూడబలుక్కుంటూ లేఖనం చదవడం నేర్చుకున్నాను. గొంతు మాత్రం అగ్గి. ఆదివారం మా సంఘంలో నేను ప్రసంగం మొదలుపెడితే ఆపేవాళ్లు లేరు, సిస్టరమ్మ తప్ప. వెనక వరుసలోంచి లేచి, “ఇంకో గంట పడ్తదా బ్రదర్? నాకు డ్యూటీ ఉంది” అనేవారు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజుల్లో నా కూతురికి ఎనిమిదో నెల. జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. నేను నూనె రాసి ప్రార్థించి, ఇంటిల్లిపాదికీ మూడు రోజుల ఉపవాసం ప్రకటించాను. అందులో కడుపుతో ఉన్న పిల్లనీ కలిపాను! కరోనా పరీక్ష చేయించడం అవిశ్వాసమన్నాను. రెండో రోజు సాయంత్రం సిస్టరమ్మ డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికొచ్చి, కూతురి వేలికి ఆక్సీమీటరు పెట్టారు. ఆక్సిజన్ తొంభై ఒకటి; తొంభై ఐదుకు తగ్గకూడదట.

“ఏంది బ్రదర్ గిది? కడుపుతోని ఉన్న పిల్లను ఉపాసం ఉంచుతరా?”

“విశ్వాసం సిస్టరమ్మా...”

“విశ్వాసం మీది, ఊపిరి ఆమెది. తల్లికి గాలి తక్కువైతే లోపల బిడ్డకు గూడ తక్కువైతది. లేవుండ్రి, ఆటో పిలువుండ్రి. ప్రార్థన ఆటోల చేద్దురు. జర మెల్లగ చేయుండ్రి, డ్రైవర్ పరేషాన్ అయితడు.”

సిస్టరమ్మ పనిచేసే దవాఖానలోనే నెల ముందే కాన్పయింది. కూతురు ఆక్సిజన్ మీద, పిచ్చుకంత మనవరాలు వెచ్చటి పెట్టెలో. కూతురికి కరోనానే, బిడ్డకు లేదని తేలింది. అయినా నా అజ్ఞానం చావలేదు. తల్లి పాలు పట్టొద్దు, డబ్బా పాలు తెస్తున్నానని సిస్టరమ్మకు ఫోన్ చేశాను.

“ఆ డబ్బా మీరే చాయ్‌ల పోసుకోండ్రి. రోగం పాలతోని రాదు. మాస్కు పెట్టుకొని, చేతులు కడుక్కొని తల్లే పాలిస్తది.”

కూతురు లేచి కూర్చోలేని రోజుల్లో ఆమె పాలు పిండించి, చిన్న గిన్నెతో చుక్క చుక్కగా తాగించింది సిస్టరమ్మే. రోజూ ఫోన్లో ముందుగా కూతురి ఆక్సిజన్ అంకె చెప్పేవారు: “తొంభై మూడు. ఇగ మీరు అన్నం తినుండ్రి.”

పుట్టిన మగబిడ్డల్ని చంపమన్న ఐగుప్తు రాజుకు లొంగని మంత్రసానుల మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో! రాజును తిట్టడంలోనే సమయమంతా పోయేది. ఆ స్త్రీల చేతుల గురించి ఒక్క మాటైనా చెప్పానా? తల్లీబిడ్డా ఇల్లు చేరాక ఏమిచ్చుకోనని అడిగితే సిస్టరమ్మ ఒక్కటే కోరారు. “నా మాట ఎవరింటరు? మీరు చెప్పుండ్రి. కడుపుతోని ఉన్నోళ్లకు జ్వరమొస్తే దాచొద్దని.” నా తప్పు ఎవరికీ చెప్పలేదామె. ఆ ఆదివారం సంఘం ముందు నేనే చెప్పుకున్నాను. ఆ వారమే ఇద్దరు గర్భిణులు దవాఖానకు పోయారు.

నిన్న ఆమెను సాగనంపుతూ సమాధుల తోటలో వాక్యం చెబుతున్నాను. ఆమె చేతుల్లో పుట్టిన పిల్లలు అరుచుకుంటూ సమాధుల మధ్య పరుగులు. పెద్దలు కసరబోతే వద్దని సైగ చేశాను. నా మనవరాలు రొప్పుతూ వస్తే ఎత్తుకున్నాను, నా మెడకు వేలాడింది. ఆగని ఆ ఊపిరి వెచ్చగా నా చెవికి తగులుతుంటే, గ్రంథం మూసేసి ప్రసంగం అక్కడితో ఆపేశాను.