ఆమె అడిగిన పసుపు

నల్లగా ఉన్న పరాయివాళ్ళని నల్లగా ఉన్నారని మొహం మీద అనకూడదని మా ఇళ్ళల్లో ఒక మర్యాద. చామనఛాయ అంటాం, కళగల మొహం అంటాం. వెనక ఏమంటామో అది వేరే సంగతి. నేను టాటూలు వేసి బతుకుతాను. ఒంటి రంగు చూడకుండా నా పని మొదలే కాదు. అయినా ఆ మర్యాద నన్ను వదల్లేదు, దాన్ని పట్టుకునే ఒక అమ్మాయి చెయ్యి పాడు చేశాను.

రాంగోపాల్‌పేట్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణం మీద నా గది. ఆ మెట్లెక్కి వచ్చేసరికి అందరికీ ఆయాసం వస్తుంది. ఆమెకి రాలేదు. బొల్లారంలో ఒక స్కూల్లో ఆటల టీచరు, పాతికేళ్ళుంటాయి, ఇల్లు బన్సీలాల్‌పేట్. పుట్టుకతోనే మంచి నలుపు, పొద్దంతా గ్రౌండులో నిలబడే ఉద్యోగం కాబట్టి ఎండ దాన్ని ఇంకాస్త ముదురు చేసింది. కూర్చోకముందే ఫోనులో తంగేడు పువ్వు ఫోటో తెరిచి నా ముందు పెట్టింది.

"ముంజేతి మీద గిది కావాలక్కా. నల్ల గీతలు గిట్ల వద్దు, ఉత్త పసుపే. చూసినోళ్ళు తంగేడే అనాలె."

పసుపే ఎందుకని అడిగాను. నవ్వుతూనే చెప్పింది. చిన్నప్పటి నుంచి ప్రతి బతుకమ్మకీ ఇంట్లో అక్కకి పసుపు లంగా, తనకి కాఫీ రంగుదో మెరూన్‌దో. నాకూ పసుపు కావాలంటే "నీకు నప్పదు బిడ్డా" అనేదట వాళ్ళమ్మ.

"తంగేడు పేర్చేది నేను, పసుపు కట్టుకునేది మా అక్క. ఇప్పుడు నా జీతం, నా చెయ్యి. ఒంటి మీదనే ఏపిచ్చుకుంట. ఎవరు విప్పమంటరో చూస్త."

అప్పుడే చెప్పాల్సింది. నాకు తెలియక కాదు. ఇంకు చర్మం మీద కాదు, లోపల ఉంటుంది. పుండు మానాక పైపొర దాని మీద కప్పుకుంటుంది. ఛాయ్ నిండా ఉన్న గ్లాసు వెనక పసుపు కాగితం పెడితే ఎట్లా కనబడుతుందో, ముదురు చర్మం కింద లేత పసుపు అట్లాగే కనబడుతుంది. అలాగని ఆ ఒంటికి పసుపు రాదని కాదు. నిమ్మపండు పసుపు వదిలేసి నారింజ కలిసిన ముదురు పసుపు తీసుకోవాలి. రేకులు పెద్దవిగా గీసి చుట్టూ గట్టి నల్ల గీత ఇవ్వాలి, అప్పుడు పసుపు లేచి కనబడుతుంది. అన్నిటికన్నా ముందు మోచేతి లోపలివైపు మూడు నాలుగు రకాల పసుపులతో చిన్న చుక్కలు పెట్టి, నెలన్నర ఆగి, మానాక ఏది నిలిచిందో చూసుకుని అప్పుడు పువ్వు మొదలుపెట్టాలి. ఇది నా పని, నా అన్నం.

కానీ ఇదంతా చెప్పాలంటే "నీ ఒంటి రంగుకి" అని మొదలుపెట్టాలి. మాట నోటి దాకా వచ్చింది. ఎదురుగా ఆ నవ్వు మొహం. నేను కూడా పోయి వాళ్ళమ్మ పక్కన నిలబడాలా అనిపించి మింగేశాను. పైగా, ఎంత మంచి మనసో నాది అని లోలోపల మురిసిపోయాను. సిగ్గుండాలి నాకు.

"మస్తుంటది చెల్లె" అన్నాను.

మొదటి రేకులోనే తెలిసిపోయింది, పసుపు తేలడం లేదని. అక్కడ ఆపినా ఇంత నష్టం జరిగేది కాదు. ఆపలేదు. తెల్లరంగు కలిపాను, వేసిన రేకు మీదే మళ్ళీ వేశాను, మళ్ళీ వేశాను. ఒకే చోట అన్నిసార్లు సూది తిప్పకూడదని, అందులోనూ అట్లాంటి చర్మం తొందరగా ఉబ్బి గట్టిపడుతుందని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి క్లాసులు పీకేది నేనే. ఆమె పళ్ళు బిగబట్టి "నాకేం తక్లీఫ్ లేదక్కా, నువ్వు కానియ్" అంది. తుడిచేసరికి పువ్వు ధగధగలాడింది. అప్పుడే వేసిన టాటూ ఏదైనా అట్లాగే ఉంటుంది. ఆమె చెయ్యి అటూ ఇటూ తిప్పుకుని చూసి, అక్కడి నుంచే వాళ్ళక్కకి వీడియో కాల్ చేసింది.

రెండు నెలలకి మళ్ళీ వచ్చింది. మండే ఎండల్లో నిండు చేతుల చొక్కా వేసుకుంది. చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించింది. పసుపు లేదు. ఆవపిండి మరకలాంటిదేదో ఉంది, రేకు రేకుకీ చర్మం ఉబ్బి వేలికి తగులుతోంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"పరేషాన్ గాకక్కా. నీ తప్పేం లేదు, నా ఒళ్ళే గంత. మా అమ్మ ముందే అన్నది, నీకు పసుపు పట్టదని."

కాదు, తప్పు నాదే అనడానికి ఎంతసేపు పడుతుంది? నేనన్నది అది కాదు. "అవును చెల్లె, కొందరి స్కిన్ అంతే, కలర్ పట్టదు" అన్నాను. అంత దర్జాగా ఎట్లా అనగలిగానో ఇప్పటికీ తెలియదు. ఆమె తలూపింది. ఉబ్బుని చర్మం డాక్టరుకి చూపించుకోమని చెప్పి పంపించాను.

ఆ తర్వాత నాలో మార్పు వచ్చింది, రాలేదనను. రంగుల టాటూ కోసం ఎవరు వచ్చినా చుక్కలు పెట్టకుండా పని ముట్టుకోలేదు. నీ రంగుకి ఇది నిలుస్తుంది, ఇది నిలవదు అని మొహం మీదే చెప్పడం మొదలుపెట్టాను. ఎవరూ నొచ్చుకోలేదు. ఒక్కరైనా నొచ్చుకుంటే, ఆ రోజు నోరు మూసుకున్నందుకు నా మనసుకి కాస్త ఊరటగా ఉండేదేమో. అందరికీ నిజం చెప్పాను, ఆమెకి తప్ప. నంబరు ఫోనులోనే ఉంది. ఎన్నిసార్లో తీశాను, పెట్టేశాను.

మొన్న బతుకమ్మకి ముందు ఆమే వచ్చింది, వాళ్ళక్క కూతుర్ని వెంటబెట్టుకుని. ఏడేళ్ళ పిల్ల, రంగు మాత్రం పిన్నిదే. నేను చెవులు కూడా కుడతాను. రెండో కుట్టు కుట్టించాలని తీసుకొచ్చిందట. అంత చేసినా నా మీద నమ్మకం పోలేదు ఆమెకి. నేను కమ్మల పెట్టె తెరిచాను. పిల్ల ఆలోచించకుండా పసుపు రాళ్ళవి తీసింది.

"అవి వద్దు బిడ్డా, మనకు పసుపు పట్టదు. ఈ అక్క సుత చెప్పింది. ఏమక్కా?"

పిల్ల నా మొహంలోకి ఒకసారి చూసి, ఆ కమ్మలు పెట్టెలో పెట్టేసి గోధుమరంగువి తీసుకుంది. కనీసం మారాం చెయ్యలేదు. నేను రెండేళ్ళుగా దాచుకున్నది ఇంకో రెండు నిమిషాలు కూడా దాచలేకపోయాను.

"పట్టదని నేను చెప్పింది అబద్ధం. నీ ఒంటికి పసుపు పడుతది. నేనే తప్పు పసుపు వేసిన, చుక్కలు పెట్టి చూడకుంట వేసిన, సూది ఎక్కువ తిప్పి చర్మం పాడుచేసిన. నీ రంగు గురించి మాట్లాడితే నొచ్చుకుంటవని నోరు మూసుకున్న. తర్వాత భయమేసి తప్పు నీ మీద పెట్టిన. డాక్టర్ సరే అంటే నేనే బాగు చేస్తా" అన్నాను.

ఆమె అరవలేదు. చొక్కా చేతి మీద అరచెయ్యి వేసుకుంది.

"నేను నల్లగుంటనని నాకెరికే అక్కా. నోటితోని అనకుండనే అందరు చెప్తనే ఉన్నరు, పుట్టినప్పటి సంది. నాకు తెల్వంది రంగుల సంగతి. గదడుగుదామనే గదా నీ దగ్గరికొచ్చిన."

పసుపు రాళ్ళ కమ్మలు మళ్ళీ పైకి తీశాను.

"పా బిడ్డా, ఇంకో కాడ కుట్టిపిస్త. పసుపు రాళ్ళవే" అని పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది.